వీలైతే రండి

పెళ్లిపిలుపుల కోసం ఇల్లిల్లూ తిరిగే ఆచారాన్ని ప్రభుత్వం వెంటనే నిషేధించాలి. ఇది నా డిమాండు.

కుంకుమ భరిణ ఒకరు, అక్షింతల గిన్నె ఒకరు, కార్డుల సంచి ఇంకొకరు పట్టుకుని, మార్కాపురం ఎండలో ఊరూరూ తిరిగి, ఒక్కొక్క నుదుటికీ బొట్టు పెట్టి "మీరు తప్పకుండా రావాలి" అని బతిమాలే పద్ధతి వల్ల మా పక్క చెడినన్ని చుట్టరికాలు పొలం గట్ల వల్ల కూడా చెడలేదు. కావాలంటే ఏ ఊరికైనా పోయి అడగండి. "ఆ ఇంటితో మీకు మాటలు ఎందుకు లేవు?" అంటే పదిమందిలో ఏడుగురు చెప్పే జవాబు ఒక్కటే. "మమ్మల్ని సరిగ్గా పిలవలేదు."

సరిగ్గా పిలవడం అంటే ఏంది? ఇంటాయనకు చెప్పి ఇంటామెకు చెప్పకపోతే తప్పు. ఇంటామెకు బొట్టు పెట్టి కోడలికి పెట్టకపోతే తప్పు. బజారులో ఎదురుపడినప్పుడు కార్డు చేతిలో పెడితే మహా తప్పు. పక్కింటికి ముందు పోయి వీళ్లింటికి తర్వాత పోతే అది ఇక మనవళ్ల కాలానికి గానీ మాఫీ కాదు. ఇన్ని సెక్షన్లున్న చట్టాన్ని పాటిస్తా పెళ్లి చేయడం మనుషుల వల్ల అయ్యే పనేనా?

అందుకే ఈ కాలం పిల్లలు ఒక దివ్యౌషధం కనిపెట్టినారు. వాట్సాప్ పెళ్లికార్డు! ఒక్క వేలితో నొక్కితే చాలు, జిల్లా అంతా పిలిచినట్టే. దీన్ని విమర్శించే ముసలివాళ్లను చూస్తే నాకు జాలి. నేనూ ముసలిదాన్నే గానీ, అభివృద్ధి పక్షం.

పెళ్లికార్డుల గురించి మాట్లాడే అర్హత నీకేముందని మీరు అడగొచ్చు. చెప్తాను. నేను బడి మొహం చూడలేదు. పలకల ఫ్యాక్టరీలో చెక్క ఫ్రేములు బిగించే పనికి పోతా, విరిగిన పలక ముక్కల మీద అక్షరాలు దిద్దుకున్నాను. అక్షరాలైతే వచ్చినాయి, చదవడానికి ఇంట్లో పుస్తకం లేదు. ఉన్నదల్లా దూలానికి వేలాడే ఇనుప తీగ, దానికి గుచ్చిన పెళ్లికార్డులు. అవే నా వాచకాలు. అందుకే నాకు "ఆవు" కంటే ముందు "సకుటుంబ సపరివార సమేతముగా" చదవడం వచ్చింది.

మా అక్క లక్ష్మీనరసమ్మకు అక్షరాల మీద ఇష్టం లేదు, వినడం మీద ఇష్టం. పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, తీగ కింద కూచుని, "ఇంకో పెళ్లి చదువే" అనేది. ఎవరి పెళ్లో, ఎప్పటి పెళ్లో మాకు తెలియదు. కార్డు కింద వరసగా ఉండే పేర్లంటే ఆమెకు ప్రాణం. ఒక్క పేరు మింగినా పట్టుకునేది. అట్ల మేమిద్దరం ఊరి పెళ్లిళ్లన్నీ ఆ తీగ కిందే చేసినాము.

కాబట్టి ఈ విషయంలో నా మాట పండితుల మాటతో సమానం. ఇక ఇల్లిల్లూ తిరిగితే ఏం జరుగుతుందో, దూరం పోకుండా మా ఇంటి ఉదాహరణే చెప్తాను.

ఇరవై రెండేళ్ల కిందట మా కూతురు నాగలక్ష్మి పెళ్లికి అక్కను పిలవడానికి నేనూ మా ఆయన కృష్ణయ్యా దొనకొండ పోయినాము. ఆమె అత్తగారి ఊరు అదే. రైలు దిగి నడిచి ఇంటికి పోతే తలుపుకు తాళం. "చేనికాడికి పోయింది, గంటలో వస్తుంది" అన్నది పక్కింటామె. మా తిరుగు రైలుకు ఉన్నది గంటన్నర. నాకేమో చిన్నప్పటి నుంచి రైలు తప్పిపోతుందని భయం. స్టేషనుకు గంట ముందు పోయి కూచుంటే తప్ప గుండె కుదురుగా ఉండదు. "కాసేపు చూద్దాం" అన్నాడు మా ఆయన. నేను వినలేదు.

ఇంట్లో మనిషి లేకపోతే ఏం చేస్తారో మన పక్క అందరికీ తెలిసిందే. తలుపుకు బొట్టు పెట్టి, కార్డు తలుపు సందులో ఇరికించి వస్తారు. నేనూ అదే చేసినాను. రూపాయి బిళ్లంత బొట్టు, నిండుగా పెట్టినాను.

అక్క పెళ్లికి రాలేదు. కబురు మాత్రం పంపింది. "నా చెల్లెలు నన్ను పిలవలేదు, నా తలుపును పిలిచింది. పోనీ తలుపునే పంపిద్దామంటే ఇంటికి కాపలా ఉండదు."

పెళ్లింట్లో అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను. నవ్విన తర్వాత నాకు పౌరుషం వచ్చింది. సొంత చెల్లెలి కూతురు పెళ్లికి ఒక్క బొట్టు కోసం రాని మనిషి రాకపోతే పోనీ అనుకున్నాను. పోనీ అనుకోవడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. అది ఇరవై రెండేళ్లు నడిచింది.

మధ్యలో ఒకసారి వచ్చింది. మా ఆయన పోయిన రోజు. చావుకు ఎవరూ బొట్టు పెట్టి పిలవరు కదా, అందుకని ఆ రోజు ఆమెకు అడ్డం లేకపోయింది. ఆడవాళ్ల మధ్య నిలబడి ఏడ్చింది. నేను తలెత్తి చూసేసరికి గుమ్మం దగ్గర ఆమె చెప్పులు లేవు. మంచినీళ్లు కూడా తాగలేదని తర్వాత చెప్పినారు.

చూసినారా? ఇదంతా ఎవరి వల్ల? బొట్టు వల్ల. ఆ రోజుల్లోనే వాట్సాప్ ఉండి ఉంటే నేను దొనకొండ పోయేదాన్నే కాదు, తలుపుకు తాళం ఉండేదే కాదు, రైలు తప్పిపోతుందనే భయమే ఉండేది కాదు. మంచం మీద కూచుని అక్కాచెల్లెళ్లం సుఖంగా ఉండేవాళ్లం.

కాబట్టి మా మనవరాలు సుస్మిత పోయిన నెల హైదరాబాదు నుంచి వచ్చి, "అవ్వా, మాది క్యాజువల్ వెడ్డింగ్" అని చెప్పినప్పుడు ఇంట్లో అందరికంటే ముందు సంతోషించింది నేనే. సుస్మిత మా కొడుకు కొండలరావు కూతురు. పిల్లవాడిది గిద్దలూరు, పేరు శ్రీకాంత్, ఆమె ఆఫీసులోనే పని. ముందు వాళ్లిద్దరూ చూసుకున్నారు, తర్వాత మాకు చూపించినారు.

"క్యాజువల్ అంటే ఏందమ్మా?" అని అడిగినాను.

"ఎవరూ టెన్షన్ పడకుండా చేసుకునే పెళ్లి అవ్వా."

"అట్లయితే నేను రాకూడదేమో."

"నువ్వు రా. టెన్షన్ ఇంట్లో పెట్టి రా" అన్నది.

కల్యాణమండపం లేదు, బ్యాండు లేదు, వీడియోవాళ్ల క్రేను లేదు. కొనకనమిట్ల దగ్గర మా మరిది నాగయ్యకు బత్తాయి తోట ఉంది. ఆ చెట్ల కింద తాళి, ఆకులో భోజనం. అంతే పెళ్లి. బాగుంది కదా? నాకూ బాగుందనిపించింది. నిజంగానే.

తర్వాత కార్డు దగ్గరికి వచ్చినాము.

మార్కాపురంలో ఇమ్తియాజ్‌ది పెళ్లికార్డుల దుకాణం. వాళ్ల నాయన హజరత్ వలి ఉన్నన్నాళ్లూ మా ఇంటి కార్డులన్నీ ఆయనే అచ్చేసినాడు. ఇప్పుడు ఇమ్తియాజ్ కాగితం కార్డులూ వేస్తాడు, ఫోను కార్డులూ చేస్తాడు. మేము ముగ్గురం పోయినాము. కొండలరావు నాగలక్ష్మి పెళ్లినాటి కార్డు దాచిపెట్టి తెచ్చినాడు. దాన్ని బల్ల మీద పెట్టి, "ఇదే వేయి. పేర్లు మార్చు" అన్నాడు.

సుస్మిత దాన్ని చేతిలోకి తీసుకుని చదివింది. "తామెల్లరు సకుటుంబ సపరివార సమేతముగా విచ్చేసి, మదర్పిత చందన తాంబూలాది సత్కారములు గైకొని... నాన్నా, ఇది చదివి అర్థం చేసుకునేలోపల పెళ్లి అయిపోతుంది."

"అర్థం కావడానికి కాదమ్మా అది, గౌరవానికి."

"పైగా 'పెద్దలు నిశ్చయించినారు' అని ఉంది. మీరు నిశ్చయించలేదు కదా?"

"ఒప్పుకున్నాము కదా?"

"అయితే 'పెద్దలు ఒప్పుకున్నారు' అని వేయనా అన్నా?" అన్నాడు ఇమ్తియాజ్, కంప్యూటరు మీద నుంచి కళ్లు తిప్పకుండా. వాళ్ల నాయన కూడా అంతే, నవ్వకుండానే అనేవాడు.

సుస్మిత తన ఫోనులో రాసుకొచ్చింది తీసింది. అది నాకు కంఠతా వచ్చేసింది, వినండి. "హాయ్! మేము పెళ్లి చేసుకుంటున్నాం. వీలైతే రండి. గిఫ్టులు వద్దు, హడావుడి వద్దు. ఆకలితో రండి, నవ్వుతా పోండి. ఇట్లు, మేమిద్దరం."

కొండలరావు "వీలైతే రండి" దగ్గర ఆగిపోయినాడు. "ఇదేందమ్మా? మన పక్క ఈ మాట రావద్దనుకున్నోళ్లకు కదా చెప్పేది?"

"రావాలని వాళ్ల మీద ప్రెషర్ పెట్టకూడదు నాన్నా."

"ప్రెషర్ పెట్టకపోతే వాళ్లు చుట్టాలు ఎట్ల అయితారు?"

ఇమ్తియాజ్ "తప్పక వీలు చేసుకుని రండి" అని ఒక రాజీ చెప్పినాడు. "ఎట్లయినా రండి" అని ఇంకొకటి చెప్పినాడు. "రాకుంటే ఊరుకోం" అనేదాకా పోయింది వ్యవహారం. మూడు టీలు అయినాక "వీలైతే రండి" గెలిచింది.

నేను మాత్రం మనసులో మెచ్చుకున్నాను. ఎంత నిజాయితీ! పాత కార్డు సంగతి చూడండి. తామెల్లరు రావాలని రాసి, వచ్చినవాళ్లను లోపల లెక్కపెట్టుకుని, ఇంతమంది ఎందుకొచ్చినారని గుసగుసలాడేవాళ్లం. ఈ కార్డు అట్ల కాదు. వస్తే రా, లేకుంటే లేదు అని ముందే మొహం మీద చెప్పేస్తుంది. మనిషికి ఇంతకంటే స్వేచ్ఛ ఏం కావాలి?

కింద పేర్లు లేకపోవడం ఇంకో మేలు. పాత పద్ధతిలో పెదనాయనలు, మేనమామలు, వాళ్ల కోడళ్లు, చి. లు, కుమారిలు కలిసి ఇరవై ఏడు పేర్లు వచ్చేవి. ఒక పేరు జారితే ఒక కుటుంబం జారినట్టే. ఇప్పుడు ఎవరి పేరూ లేదు కాబట్టి ఎవరికీ బాధ లేదు. అన్నిటికంటే పైన, దేవుడి బొమ్మ కింద, "కీ.శే. కృష్ణయ్య గారి దివ్య ఆశీస్సులతో" అని ఉండవలసిన లైను కూడా లేదు. పోయినవాళ్ల పేర్లు పెడితే మూడ్ పోతుందంట. మంచిదే. ఆయనకు ఉన్నప్పుడు కూడా నలుగురి ముందు నిలబడటం ఇష్టం ఉండేది కాదు.

కొండలరావు ఒక్క విషయంలో మాత్రం పట్టు విడవలేదు. మొదటి కార్డు దేవుడి దగ్గర పెట్టాలి, అది కాగితం మీదే ఉండాలి, పాత భాషలోనే ఉండాలి. సుస్మిత సరే అన్నది. దేవుడు ఫోను వాడడు కాబట్టి ఆమెకు అభ్యంతరం లేకపోయింది. అట్ల దేవుడికి తామెల్లరు, మనుషులకు హాయ్ అని నిర్ణయమైంది. దేవుడి కార్డు కోసం ఇరవై ఏడు పేర్లూ, కీ.శే. కృష్ణయ్యతో సహా, కొండలరావు నిలబడి చెప్పినాడు. ఇమ్తియాజ్ టైపు కొట్టుకున్నాడు.

వాళ్లిద్దరూ బండి తీయడానికి బయటికి పోయినప్పుడు ఇమ్తియాజ్ ఒకటి కాదు, రెండు కార్డులు నా చేతిలో పెట్టినాడు.

"ఒకటి చాలన్నారు కదా నాయనా?"

"ఉంచు అవ్వా. మా నాయన ఎవరు ఎన్ని చెప్పినా పది ఎక్కువేసేవాడు. అలిగినోళ్ల కార్డులు అనేవాడు వాటిని. పెళ్లి వారం ఉందనగా ఎవరో ఒకరు గుర్తుకొచ్చి పరిగెత్తుకుంటా వస్తారు, అప్పుడు మిషన్ ఎక్కించలేము అనేవాడు."

"మా ఇంట్లో అలిగినోళ్లు ఎవరూ లేరు."

"అల్లా దయ. ఉంటే మాత్రం వాడుకో" అన్నాడు.

నేను ఆ రెండోదాన్ని కూడా సంచిలో వేసుకున్నాను. కాగితం పారేయడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు లేదు, అందుకని.

ఇక ఫోను కార్డు బయల్దేరింది. దాని మహిమలు ఒకటా రెండా?

అందులో రంగుల నియమం ఒకటి ఉంది. అందరూ పేస్టల్ రంగులు కట్టుకుని రావాలంట. మా ఎదురింటి ఓబులమ్మ చదివించుకుని, "పేస్టల్ అంటే ఏందే సుస్మితా?" అన్నది.

"లైట్ రంగులు అవ్వా. కొంచెం వెలిసిపోయినట్టు కనపడాలి."

"దానికేం భాగ్యం. నా పెట్టెలో ఉన్నవన్నీ అవే" అని, కొత్త చీర కొనాల్సిన పని తప్పిందని సంబరపడింది. పేదా గొప్పా తేడా ఇంత సులువుగా తీసేసిన కార్డు ఇంకోటి ఉందా?

లొకేషన్ అనేది ఇంకో విచిత్రం. నొక్కితే పెళ్లి ఎక్కడో ఫోనే దారి చూపిస్తుంది. మా నాగయ్య తన తోటలో నీళ్ల మోటరు దగ్గర మంచం వేసుకుని కూచుని నొక్కినాడు. "మీరు గమ్యస్థానం చేరుకున్నారు" అని చెప్పింది ఫోను. పెళ్లి ఇరవై రోజులుందనగానే చేరుకున్న చుట్టం మా వంశంలో ఆయన ఒక్కడే. ఆ మాట ఆయనే ఫోను చేసి చెప్పి, "వదినా, పెళ్లి నా తోటలోనే అని తెలుసు గానీ, నన్ను పిలిచినారా లేదా అనేది మాత్రం ఫోను చెప్పలేదు" అన్నాడు. హాస్యానికే అన్నాడులెండి. రెండుసార్లు అన్నాడు.

కార్డు కింద మూడు గుర్తులు ఉన్నాయి. వస్తాను, చూస్తాను, రాలేను. ఎవరికి ఇష్టమైంది వాళ్లు నొక్కాలి. నలభై మంది వస్తాను నొక్కినారు. నలుగురు రాలేను నొక్కినారు. డెబ్భై ఆరు మంది చూస్తాను నొక్కినారు. వంటమాస్టరు కొండలరావును అడిగినాడు. "చూస్తాను అన్నోళ్లకు ఎసరు పెట్టాలా, వద్దా?" ఈ లెక్క ఇంకా తేలలేదు. అయినా చూస్తాను అనే మాట ఎంత మర్యాదగా ఉంది! పాత రోజుల్లో బొట్టు పెట్టించుకున్న మనిషి తల ఊపి ఒప్పుకోక తప్పేది కాదు. పాపం, ఎన్ని వేల మంది ఆ ఒక్క బొట్టుకు కట్టుబడి, జ్వరాల్లో, వానల్లో, బస్సుల్లో నిలబడి పెళ్లిళ్లకు వచ్చినారో!

వీటన్నిటికంటే పెద్ద మేలు నాకు సొంతంగా జరిగింది. అది కూడా చెప్పకపోతే అన్యాయం.

మా ఆయన పోయి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి పిలుపులకు బయల్దేరే ఆడవాళ్లలో నేను లేను. కుంకుమ భరిణ నేను పట్టుకోకూడదు కదా. కోడలూ ఓబులమ్మా పోతారు, నేను ఇంటికి కాపలా. ఈ తొమ్మిదేళ్లలో మా వాళ్ల ఆరు పెళ్లిళ్లకు కాపలా ఉన్నాను. అట్లాంటి దాన్ని, సుస్మిత పక్కన కూచోబెట్టుకుని, "ఇక్కడ నొక్కు అవ్వా, ఇప్పుడు ఇక్కడ" అని నేర్పింది. ముప్పై ఏడు మందిని నా వేలితో నేనే పెళ్లికి పిలిచినాను. ఫోను నా నుదురు చూడలేదు. చెప్పండి, ఇన్నేళ్లలో ఏ పురోహితుడైనా, ఏ పెద్దమనిషైనా నాకు ఇచ్చినాడా ఈ హక్కు?

ఆ ముప్పై ఏడో నంబరు మా అక్కది.

అది నాకు ఎట్ల దొరికిందంటే, అక్క మనవడు నరేష్, మా సుస్మిత ఫోనులో మాట్లాడుకుంటారు. పెద్దవాళ్ల కోపాలు వాళ్లకు పట్టవు. నంబరు రాగానే ఆ మూలన గుండ్రంగా చిన్న ఫోటో కనపడింది. వేలితో పెద్దది చేసి చూసినాను. కళ్లద్దాలు వచ్చినాయి. ఎడమ కన్ను ఆపరేషన్ అయినట్టుంది. నాకు ఎవరూ చెప్పలేదు. జుట్టు మొత్తం తెల్లబడింది. నోరు మూసుకుని ఉంది కాబట్టి పళ్ల సంగతి తెలియలేదు.

"అవ్వా, నొక్కు" అన్నది సుస్మిత.

"వీలైతే రండి అనే మాట తీసేసి పంపించలేమా ఈ ఒక్కరికి?"

"అది బొమ్మలో ఉంది అవ్వా, తీయలేము. అందరికీ ఒకటే."

నొక్కినాను. ఒక టిక్కు పడింది. రెండు పడినాయి. సాయంత్రానికి రెండూ నీలం రంగు అయినాయి. అంటే చూసిందని అర్థమంట. చూసింది, వస్తాను నొక్కలేదు, రాలేను నొక్కలేదు, చూస్తాను కూడా నొక్కలేదు.

ఆ తర్వాత పదకొండు రోజులు. ఈ పదకొండు రోజుల్లో నేను ఫోనును చూసినన్ని సార్లు మా కొండలరావు పుట్టినప్పుడు వాడి మొహం కూడా చూసి ఉండను. ఫోటో కింద ఆమె చివరిసారి ఎప్పుడు ఫోను తెరిచిందో టైము పడుతుంది. పొద్దున ఆరుంబావు, ఆరూ ఇరవై. అంటే ఆరింటికి లేస్తుంది. ఇంతకు ముందు నాలుగింటికే లేచేది. మోకాళ్లు పట్టేసి ఉంటాయి. ఒకరోజు తొమ్మిదైనా టైము మారలేదు. నేను టిఫిను తినలేదు. తొమ్మిదీ నలభైకి మారింది. తిన్నాను.

ఇది కూడా లాభమే కదా? ఇరవై రెండేళ్లుగా ఆమె లేచిందో లేదో తెలియకుండా బతికినదాన్ని, ఇప్పుడు రోజూ తెలుసుకుంటున్నాను. మాట్లాడకుండానే. ఎదురుపడకుండానే. ఒక మనిషి బతికి ఉన్నదని దూరం నుంచి చూసుకుని తృప్తిపడే ఇంత సౌకర్యం పాతకాలంలో ఎక్కడిది?

పన్నెండో రోజు, అంటే నిన్న పొద్దున పదకొండింటికి, ఆమె దగ్గర నుంచి ఏదో వచ్చింది. అక్షరాలు కాదు. ఒక చిన్న త్రికోణం, దాని పక్కన వరసగా గీతలు. నొక్కితే గొంతు వినపడుతుందని సుస్మిత అదివరకే చెప్పి ఉంది. ఇంట్లో ఎవరూ లేరు. నొక్కినాను.

ముందు కోడి అరిచింది. ఎవరో బిందె దించినారు. తర్వాత మా అక్క గొంతు.

"ఏమే. వీలైతే రమ్మని రాసినారంట, మా నరేష్ చదివినాడు. పోయినసారి తలుపుకు పెట్టి పోయినావు. ఈసారి ఫోనుకు పెట్టినావు. నేనెప్పుడు దొరుకుతానే నీకు?"

అంతే. పద్నాలుగు సెకన్లు. పళ్లు ఉన్నట్టే ఉన్నాయి, మాట గట్టిగానే ఉంది.

ఫోను కార్డు గొప్పతనం గురించి నా అభిప్రాయంలో మార్పేమీ లేదు. దాని లాభాలు ఇంకా నాలుగైదు రాద్దామనుకున్నాను. కాగితం మిగులుతుంది, చెప్పులు అరగవు, ఎండ దెబ్బ తగలదు. నూట ఇరవై మందిని పిలవాలంటే దాన్ని మించింది లేదు. ఒక్క మనిషిని పిలవాలంటేనే, ఎందుకో, అది సరిపోవడం లేదు. కంపెనీవాళ్లు ఆ లోపం సరిచేసేదాకా పాఠకులు కొంచెం ఓపిక పట్టాలి.

ఈ చివరి ముక్కలు మార్కాపురం రోడ్డు స్టేషనులో బెంచీ మీద కూచుని రాస్తున్నాను. దొనకొండ రైలుకు ఇంకా గంటంబావు ఉంది. సంచిలో బస్టాండు దగ్గర కొన్న కారం బొరుగులు ఉన్నాయి, అక్కకు ఇష్టం. ఇమ్తియాజ్ ఇచ్చిన రెండో కార్డు ఉంది. నాలుగు మూలలా పసుపు మా కోడలు పెట్టింది, ఎవరికని అడగలేదు. కుంకుమ భరిణ తీసుకోలేదు. పెట్టే హక్కు నాకు లేదు, తలుపుకు పెట్టే ధైర్యం అసలే లేదు. పోయి అరుగు మీద కూచుంటాను. ఇరవై ఏడు పేర్లూ పై నుంచి కింది దాకా చదివి వినిపిస్తాను, ఒక్కటి కూడా మింగకుండా.

ఇంట్లో నుంచి బయల్దేరేటప్పుడు ఓబులమ్మ గేటు దగ్గర పట్టుకుంది.

"తాళం వేసి ఉంటే ఏం చేస్తావు?"

"కూచుంటాను."

"చేనికి పోయి పొద్దుగూకినా రాకపోతే?"

"కూచుంటాను."

"మరి తిరుగు రైలు ఎన్నింటికి?" అన్నది, నా సంగతి తెలిసిన మనిషి కాబట్టి.

"అది కనుక్కోలేదు" అని చెప్పి ఆటో ఎక్కినాను.